తువ్వాల కింద కోరం

తూకానికి కాగితం కొనేవాడు అందులో రాసింది చదవకూడదు. ఇది మా అన్న నాకు నేర్పిన సూత్రం. చదివితే కన్ను ఆగుతుంది. కన్ను ఆగడం అమ్మేవాడు చూస్తాడు. చూస్తే ధర పెంచుతాడు. గద్వాలలో మా కిరాణా దుకాణం ఇలాంటి సూత్రాల మీదే నడిచేది. బెల్లం కొనేటప్పుడు ముక్క నాలిక మీద వేసుకుని మొహం చిట్లించాలి. చింతపండు ఎంత కొత్తదైనా “నిరుటిదా?” అని అడగాలి. మా ఇంట్లో మారు అన్నం కావాలన్నా అర గరిటె దగ్గర మొదలుపెట్టి ఒక గరిటె దగ్గర తెగేది. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. బేరం ఆడని మనిషిని చూస్తే నాకు జాలేసేది, వాడికి ఏదో అవయవం తక్కువైనట్టు.

యుద్ధం రోజుల్లో కాగితానికి కరువొచ్చింది. పాత పత్రికలు దొరకడం మానేశాయి. మోదుగాకుల్లో పొట్లాలు కట్టిస్తే, ఆకు బరువు మిరియాల బరువులో కలిసిందని గిరాకీలు గొడవకు దిగేవారు. కలిసిన మాట నిజమే కనుక గొడవ ఇంకా పెద్దదయ్యేది. అప్పుడు వనపర్తి నుంచి వచ్చిన వేరుశనగ బుడ్డల దలాలి ఒకడు మా అన్నతో చెప్పాడు, అక్కడ ఒక ముసలి వైద్యుడి ఇంట్లో రెండు పెట్టెల నిండా పాత కాగితాలున్నాయని. అన్న నా వైపు చూశాడు. దూరం పనులు ఎప్పుడూ నావే. నా భార్య పోయి అప్పటికి కొన్నేళ్లయింది. పిల్లలు లేరు. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేనివాడికి రైలు ఎంత ఆలస్యమైనా నష్టం లేదు కదా. అన్న లెక్కలో తప్పు పట్టడానికి లేదు.

రైల్లో కృష్ణ దాటి, వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి, అక్కడి నుంచి ఎద్దుబండిలో ఊరు చేరాను. వైద్యుడి ఇల్లెక్కడని అడిగితే, “సదర్ సాబా?” అని నవ్వి చూపించారు. సదర్ అంటే అధ్యక్షుడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపున్న ఆయుర్వేదం పంతుళ్లు, యునానీ హకీములు, నారికురుపులకు మందు వేసే పల్లెటూరి వైద్యులు కలిసి ఒకప్పుడు సంఘం పెట్టుకున్నారు. దానికి ఈయన అధ్యక్షుడు. సంఘం ఎప్పుడో చల్లారిపోయింది. పేరు మాత్రం ఆయనకు మరకలా మిగిలిపోయింది.

గుమ్మంలో ఒక ముసలామె కల్వంలో ఏదో నూరుతోంది. వైద్యుడి అక్క అని తర్వాత తెలిసింది. చిన్నప్పుడే భర్త పోయి తమ్ముడింటికి వచ్చిందట.

“ఎవరయ్యా? రోగమా, పెండ్లి పిలుపా?”

“రెండు గాదవ్వా. మీ కాడ పాత కాగితాలున్నయంటె చూసి పోదామని వచ్చిన.”

“గట్లయితే రోగమే. లోపటికి పో.”

లోపల ఆయన ఒక పెట్టె మీద కూర్చుని, రెండో పెట్టెకు ఆనుకుని ఉన్నాడు. సన్నటి మనిషి. గుండీలన్నీ పెట్టుకున్న పాత కోటు. నేను మా సూత్రం ప్రకారం పెట్టెల వైపు చూడలేదు. దూలాలు చూశాను, వానల సంగతి అడిగాను, మంచినీళ్లు తాగాను. ఆ తర్వాత, ఇప్పుడే కనిపించినట్టు, “ఈ పెట్టెలకు చెదలు పట్టినట్టున్నయి గద పంతులూ” అన్నాను.

“పట్టలే. నెలనెల వేపాకు మారుస్త.”

“ఎంతైన పాత కాగితం. పొట్లానికి గూడ ఆగదు.”

“ఆగదు,” అన్నాడు ఆయన, పెట్టె మీద చెయ్యి పెట్టి. “నువ్వు జెప్పింది నిజమే.”

అమ్మేవాడు నేను చెప్పింది ఒప్పుకోవడం నా అనుభవంలో అదే మొదలు. కాలికింద నేల కదిలినట్టయింది.

మా మేనమామ పశువుల అంగడిలో దలాలి. అక్కడ ధర నోటితో చెప్పరు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైన తువ్వాల కప్పుతారు. లోపల ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ గుమిగూడిన వాళ్లకు తువ్వాల కదలడం తప్ప ఏమీ తెలియదు. నాకు చిన్నప్పటి నుంచీ ఆ పద్ధతి మీద మోజు. గుమ్మంలో అవ్వ నూరడం ఆపి చెవి ఇటే పెట్టింది కనుక, నేను భుజం మీది తువ్వాల తీసి మా ఇద్దరి మధ్య పరిచి చెయ్యి కిందికి జాపాను. ఆయన తువ్వాలను చూశాడు, నన్ను చూశాడు. తన చెయ్యి కూడా లోపలికి పెట్టాడు. నా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాడు.

మూడు అంటున్నాడు. ఎక్కువ. అంగడిలో వేళ్లు పట్టుకుంటారు గానీ మణికట్టు పట్టుకోరు. వనపర్తి పద్ధతి వేరు కాబోలు అనుకున్నాను. రెండో చెయ్యి కూడా లోపలికి దూర్చి ఆయన వేళ్లలో ఒకటి పైకి లేపాను. ఆయన మళ్లీ ఆనించాడు. మళ్లీ లేపాను. మళ్లీ ఆనించాడు.

“జర కుదురుగుండు,” అన్నాడు.

“మూడంటె శానా ఎక్కువ పంతులూ. రెండు జేయి.”

“రెండు వేళ్లతోని నాడి ఎవడన్న చూస్తడా?”

గుమ్మంలో అవ్వ కల్వం పక్కన పెట్టి మరీ నవ్వింది. నా చెయ్యి వెనక్కి తీసుకోవాలి. తీసుకోలేదు. అంత సేపు ఎవరైనా నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు. దుకాణంలో చిల్లర అరచేతిలో వేసి పోయే వేళ్లు తప్ప ఇంకొకరి వేళ్లు తగలవు.

“రాత్రి సల్లన్నం తింటున్నవు,” అన్నాడు కాసేపటికి. “అందరు తిన్నంక, ఒక్కనివే.”

చల్లన్నం నాడిలో తెలుస్తుందేమో, ఒంటరి భోజనం తెలుస్తుందా? ఇది బేరంలో కొత్త ఎత్తు అనుకున్నాను. కొనేవాడు గుర్రం పళ్లు చూస్తాడని విన్నాను గానీ అమ్మేవాడు కొనేవాడి నాడి చూస్తాడని వినలేదు. శొంఠి పొడి ఏదో కట్టిచ్చి, “ఇది వేడన్నంల వేసుకొని తిను. కాగితాల సంగతి చూద్దాం. మల్ల రా” అన్నాడు.

ఇంటికి రాగానే అన్న అడిగాడు. “ఎంతన్నడు?”

“ఏమనలే.”

“మరేం జేసొచ్చినవ్?”

“నాడి చూపిచ్చుకున్న.”

అన్న నా వైపు దొంగ తూకపు రాయిని చూసినట్టు చూశాడు.

ఆ శొంఠి పొడి అట్లాగే ఉండిపోయింది. చచ్చిన ఎద్దుకు కూడా బేరమాడి ధర తెప్పించగలనని పేరున్న నాకు, వదినను వేడన్నం అడగడం చేతకాలేదు. ఆమె మంచిదే. అడిగితే పెట్టేది. అడగడానికి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత దగ్గర తెగాలో నాకు తెలియలేదు.

మళ్లీ వనపర్తి పోయాను. మళ్లీ తువ్వాల పరిచాను. మళ్లీ నాడి. మళ్లీ “చూద్దాం.” ఆ యేడు కందుల బేరానికి అమరచింత పోయినా, బుడ్డల బేరానికి ఇటిక్యాల పోయినా, తిరుగు దారి వంకరపోయి వనపర్తి చేరేది. ఇటిక్యాల నుంచి గద్వాలకు వనపర్తి మీదుగా రావడమంటే ముక్కు పట్టుకోవడానికి చెయ్యి మెడ వెనక నుంచి తిప్పడం. అన్న ఒకసారి అన్నాడు, “మన తాత గూడ ఇంత పొడుగు బేరం జెయ్యలేదురా. ఆ కాగితాల మీద బంగారు రేకు గిట్ల ఉన్నదా ఏంది?”

కాగితాల సంగతి నాకు చెప్పింది అవ్వ. ఆయన పక్కింటికి మందివ్వడానికి పోయినప్పుడు పెట్టె మూత ఎత్తి చూపించింది. అన్నీ సంఘం కాగితాలే. ఏ ఊళ్లో కలరా తగిలింది, ఎవరు ఏ మందుతో ఏం చూశారు, సర్కారుకు పెట్టుకున్న దరఖాస్తులు, సభల తీర్మానాలు. నేను చదవకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించాను.

“మొదట్ల మస్తుమంది వస్తుండిరి,” అంది అవ్వ. “ఆఖరుకు ఎవ్వరు రాలె. అయిన ఈన సభ పెట్టకుంట ఉండడు. కోటేసుకొని, నిలబడి, హాజరు పిలుస్తుండె. ఎవరు పలుకుతరు? కోరం లేదని వాయిదా రాసి పెట్టె మూస్తుండె.”

“నువ్వు ఉన్నవు గదవ్వా?”

“నేను గుమ్మంల కూసొని అన్ని ఇంటుంటి. ఆయన ఉపన్యాసాలు నాకు నోటికొస్తయి. కాని నేను సభ్యురాలిని గాదు గద! లెక్కల తియ్యడు. గోడ ఎంతో నేనంత.”

అప్పుడు నాకు అసలు సంగతి తెలిసింది. సంఘం నిబంధనల్లో ఒకటుంది. అధ్యక్షుడు తన పదవీకాలం ముగిశాక, కాగితాలను నిండు సభలో కొత్త అధ్యక్షునికి అప్పగించాలి. ఈయన కాలం ఎప్పుడో ముగిసింది. కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి సభ నిండలేదు. అందుకని ఆయన ఆ కాగితాలను అమ్మలేడు, ఇవ్వలేడు, పారేయలేడు. వాటి మీద కూర్చుని ఉన్నాడు.

“అమ్మనని నాకు మొదటి దినమే చెప్పొచ్చు గద?” అన్నాను.

అవ్వ నా వైపు వింతగా చూసింది. “చెప్తె నువ్వు మల్ల వస్తుంటివా?”

ఆ ప్రశ్న నాకు కూడా వర్తిస్తుందని ఆమెకు తెలుసు. ఆ ధర అడిగే నెపం లేకపోతే నేను మాత్రం ఎక్కడికి పోయేవాణ్ణి?

మృగశిర కార్తె దాటాక పోయేసరికి ఆయన పెట్టె మీద లేడు, మంచం మీద ఉన్నాడు. ఆ రోజు తువ్వాల పరచకముందే మాట్లాడాడు.

“నా నాడి నేను చూసుకున్న సావుకారీ. వానలు దాటనియ్యదు. నాకు దాని చింత లేదు. ఈ పెట్టెలు అప్పజెప్పకుంట పోతె నేను పెట్టుకున్న సంఘం అబద్ధమైతది. అందరు కలిసి రాసింది గిది. నేను ఒక్కన్ని పారేస్తె, ఒక్కనిదే అయితది.”

మాట ముగిసేసరికి ఆయాసం వచ్చింది. నాగర్‌కర్నూలులో ఒకప్పటి కార్యదర్శి ఉన్నాడనీ, ఎన్ని జాబులు రాసినా జవాబు లేదనీ చెప్పాడు. నేను పోయి తీసుకొస్తానన్నాను. మనిషిని ఒప్పించడం నా వృత్తి కదా.

నాగర్‌కర్నూలులో ఆ కార్యదర్శి పెద్ద ఇంట్లో ఉయ్యాల మీద కూర్చుని దొరికాడు. వైద్యం మానేసి భూములు చూసుకుంటున్నాడు. నేను సంగతి చెప్పాను.

“ఇంక ఉన్నడా సదర్ సాబు?” అని ఆశ్చర్యపోయాడు. “కోరమా! మా ఇంట్ల నా మాటకే కోరం లేదయ్యా. అన్నం తిని పో.”

“ఒక్క దినం. బండి నేను పెడ్త. తోవ ఖర్చు నాది.”

“ఇటిక్యాలాయన పోయిండు. అమరచింత హకీము పోయిండు. మేమిద్దరం ఉన్నం. ఇద్దరు కూసొని ఏం జేస్తరు? పోయినోళ్లను తల్సుకొని ఏడుస్తరు. నాకొద్దు.”

నా జీవితంలో ఎంత ఇస్తానన్నా మనిషి కదలని బేరం అదొక్కటే. ఆయన అన్నం మంచిదే, అదీ వేడిగా పెట్టాడు. కానీ ఎదురుగా కూర్చోలేదు.

వనపర్తికి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. నా మొహం చూడగానే ఆయనకు తెలిసిపోయినట్టుంది. గోడ వైపు తిరిగాడు. నాకు ఏం చెయ్యాలో తోచక, చేతనైన ఒకే పని చేశాను. తువ్వాల తీసి మంచం మీద పరిచాను.

“ఏంది, నాడా?”

“కాదు పంతులూ. బేరం. కోరం ఎంత?”

“ఐదుగురు.”

తువ్వాల కింద ఆయన అరచెయ్యి పట్టుకున్నాను. ఒక్క వేలు పట్టాను. “ఒకటి.”

“నీకు పిచ్చా? నిబంధన బేరానికి వస్తదా?”

“బేరానికి రాని సరుకు నేనింతవరకు చూడలే.”

“మార్చాలంటె సభ కూడాలె. సభ కూడాలంటె కోరముండాలె.”

“ఉన్న సదర్‌వు నువ్వొక్కనివే. నీతోని గాక ఎవరితోని ఆడాలె? రెండు జేస్కో.”

“ఐదు.” నా వేళ్లను గట్టిగా మూసిపట్టాడు. జబ్బుమనిషిలో అంత బలముందని అనుకోలేదు. “రెండు” అంటాను, విడదీస్తాను. “ఐదు” అంటాడు, మూస్తాడు. ఆయన మొహంలోకి కొంచెం రంగు వచ్చింది. మేమిద్దరం అలా ఎంతసేపు పట్టుకున్నామో, గుమ్మంలో నుంచి అవ్వ గొంతు వినిపించింది.

“ఓ తమ్ముడా. మీ సంఘపోళ్లు ఇచ్చిన కషాయాలన్ని కాసింది ఎవరు? ఆ సూర్ణాలన్ని నూరింది ఎవరు? నన్ను లెక్కల తీస్తె నీ సంఘం మైల పడ్తదా?”

ఆయన గుమ్మం వైపు చాలాసేపు చూశాడు. అంతకు ముందు అటు చూసేవాడు కాదని కాదు. అక్కడ మనిషి కూర్చుని ఉందని చూడటం అదే మొదలు కాబోలు. తువ్వాల కింద ఆయన పట్టు వదులైంది. రెండు వేళ్లు మడుచుకున్నాయి. మూడు మిగిలాయి.

“మరి మూడో మనిషెవరు?” అన్నాడు.

“శొంఠి, పిప్పళ్లు, కరక్కాయ మా దుకాణంల దొరుకుతయి. మందు అమ్మేటోడు వైద్యానికి పాలోడు గాడా?”

“కరక్కాయలల్ల సగం పుచ్చులే అమ్ముతడు,” అంది అవ్వ. “అయిన రానియ్యి.”

సభ మర్నాడు పొద్దున కూడింది. ఆయన మంచం మీద నుంచి లేచి, స్నానం చేసి, కోటు తొడుక్కున్నాడు. గుండీలు అవ్వ పెట్టింది. నిలబడి హాజరు పిలిచాడు. అవ్వ పేరు వచ్చినప్పుడు ఆమె ఇంకెవరినో పిలిచినట్టు చూసింది. ఆయన రెండోసారి పిలిచాడు. “ఉన్న,” అంది. ఆ మాట కోసం తల మీది కొంగు సర్దుకుంది.

ఎన్నడో రాసిపెట్టుకుని నిండు సభలో వినిపించలేకపోయిన అధ్యక్షోపన్యాసం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఊరూరా ఒక మంచి నీళ్ల బావి కట్టుకుంటే నారికురుపు సగం తగ్గుతుందని, వైద్యుడు తెలియనిది తెలియదని చెప్పడం నేర్చుకోవాలని. మధ్యలో ఆయాసంతో ఆగినప్పుడు, తర్వాతి మాట గుమ్మంలో నుంచి అవ్వ అందించేది. అన్నట్టు ఆ రోజు ఆమె గుమ్మంలో లేదు. లోపల, చాప మీద కూర్చుంది. అలవాటు కొద్దీ నాకే అలా గుర్తుంటుంది.

కొత్త అధ్యక్షుడిగా నా పేరు అవ్వ చెప్పింది.

“వైద్యం తెల్వని సదరా?” అన్నాను.

“కాగితాలు మోసేటందుకు వైద్యమెందుకు? రెక్కలుంటె సాలు.”

ఆయన జేబులోంచి తాళం చెవులు తీసి నా చేతిలో పెట్టాడు. “ఇప్పటికి నేను మాజీని,” అన్నాడు. మూట దించిన హమాలీ వీపు నిటారుగా చేసుకున్నట్టు నిలబడ్డాడు.

బేరం తెగినప్పుడు వ్యాపారికి ఒంట్లో ఒక సంబరం పుడుతుంది. నాకు ఆ పూట పుట్టలేదు. పెట్టెలు బండికెక్కించాక లోపలికి వస్తే గది ఖాళీగా, ఇంకెవరిదో లాగా ఉంది. ఆయన కూర్చునే చోట నేల మీద రెండు తెల్లటి చదరాలు కనబడ్డాయి.

“ఇగ నువ్వు రావాల్సిన పని లేదు గద,” అన్నాడు.

నేను ఏదో అన్నాను. గద్వాలలో పని ఎక్కువని కాబోలు.

“మీ దుకాణాలల్ల తూకం అయినంక కొసరు వేస్తరు గద సావుకారీ. ఆ చెయ్యి ఇటు తే.”

తువ్వాల లేకుండా ఇచ్చాను. మూడు వేళ్లు పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు ఏం తెలిసిందో చెప్పలేదు. నేను అడగలేదు.

పెట్టెలు చూసి అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “ఆఖరుకు ఎంతకు తెగింది?”

“తెగలే. నేను సదర్‌నైన.”

అన్న తక్కెడ వదిలేసి నవ్వాడు. వదినను పిలిచి చెప్పి మళ్లీ నవ్వాడు. ఆ తర్వాత మూత ఎత్తబోయాడు. నేను మూత మీద కూర్చున్నాను. “ఇవి సంఘానివి,” అన్నాను. ఆ గొంతు నాదిలా లేదు, కోటు తొడుక్కున్నట్టుంది. అన్న దుకాణంలోకి పోయి, మోదుగాకులు తెమ్మని కేకేశాడు. పెట్టెలు మా అటక మీదికి చేరాయి. చాలా కాలం తర్వాత ఊళ్లో గ్రంథాలయం వాళ్లు అడిగితే వాళ్ల బీరువాకు చేరాయి. మీద ‘మాజీ అధ్యక్షుని పత్రాలు’ అని అంటించారు. ఏ మాజీ అని నేను అడగలేదు.

ఆయన ఆ యేడే, వానలు వెనకపట్టే వేళకు పోయాడు. కబురు బుడ్డల దలాలి తెచ్చాడు, కర్మలన్నీ అయిపోయాక. నేను పెట్టెలోంచి తీర్మానాల పుస్తకం తీసి సంచిలో పెట్టుకుని వనపర్తి పోయాను. దారి పొడుగునా, పోయి ఏం చెప్పాలో తేలలేదు. పరామర్శకు ఆలస్యమైంది, బేరానికి సరుకు లేదు.

అవ్వ గుమ్మంలోనే ఉంది. కల్వం లేదు. చేతులు ఒళ్లో ఉన్నాయి.

“ఎవరు? రోగమా, పెండ్లి పిలుపా?”

“సభ, అవ్వా.”

ఆమె లేచి లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది. కొంగు సర్దుకుంది. నేను నిలబడి హాజరు పిలిచాను. ముందు ఆయన పేరు పిలవబోయి ఆగాను. ఆమె పేరు పిలిచాను. “ఉన్న,” అంది. నా పేరు నేనే పిలుచుకుని నేనే పలికాను.

“ఇద్దరమే,” అంది అవ్వ. “కోరం లేదు.”

ఐదును మూడు చేసినవాణ్ణి, మూడును రెండు చెయ్యలేనా? చెయ్యి భుజం మీది తువ్వాల దాకా పోయింది. రెండుకు తెగితే సభ అయిపోతుంది. తీర్మానం రాసి, సంతకం పెట్టి, బండెక్కాలి. మళ్లీ రావడానికి నెపం ఉండదు. చెయ్యి కిందికి దించుకున్నాను.

“మరేం జేద్దామవ్వా?”

“నిబంధన నిబంధనే. వాయిదా రాయి.” ఆమె పొయ్యి వైపు నడుస్తూ అంది. “రాసి, కాళ్లు కడుక్కొని రా. అన్నం వేడిగుంది.”